ఒకటికి డెబ్బై రెండు

ఆ మంగళవారం ఉదయం మా ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, నాన్న, పక్కింటి నర్సమ్మప్ప, వీఆర్వో లోకనాథం గారు, మండల సర్వేయరు భీమేశ్వరరావు గారు, ఆయన తెచ్చిన ఇనుప గొలుసు, నేను. నర్సమ్మప్పను ఎవరూ పిలవలేదు. విమానం కిటికీ పక్కన బల్ల మీద ఉంది. దాని రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు పదిహేను సెంటీమీటర్లు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నం నుంచి మా మండలంలో ఈ కొలతను ఎవరూ ఒప్పుకోలేదు.

విమానం నేనే చేశాను. మా చిన్నమావయ్య విశాఖపట్నంలో ఒక బొమ్మల దుకాణంలో పని చేస్తాడు. పెట్టె తడిసిపోయి ఎవరూ కొనని ఒక కిట్‌ను పోయిన వేసవిలో నాకు తెచ్చి ఇచ్చాడు. అందులో నలభై మూడు ప్లాస్టిక్ ముక్కలు ఉండాలి, నలభై ఒకటే ఉన్నాయి. లేని రెండూ చక్రాలు. వాటిని నాన్న పాత చొక్కా గుండీలతో చేశాను.

ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. తొందరపడి చేత్తో విరిస్తే మచ్చ పడుతుంది. గోళ్లు తీసుకునే కట్టరుతో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన బొడిపెను గరుకు కాగితంతో అరగదీయాలి. అమ్మ జీడిపప్పు బట్టీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది. మొన అరిగిపోయిందని ఆమె పక్కన పడేసిన చాకు, అతుకుల దగ్గర పొంగిన జిగురు గీకడానికి నాకు బాగా పనికొచ్చింది. జిగురు ఆరేదాకా రెక్కలను బట్టల క్లిప్పులు పట్టుకుని ఉండేవి. అమ్మ తడిబట్టలు ఆరేయడానికి వచ్చి క్లిప్పులు లేక నన్ను తిట్టేది.

రంగు ఒకేసారి దట్టంగా వేస్తే ప్లాస్టిక్ మీది సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. పల్చగా మూడు పొరలు వేయాలి, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు ఆగాలి. అన్నిటికన్నా కష్టం పైలట్ కూర్చునే చోట ఉండే గాజులాంటి మూత. అగ్గిపెట్టెలో పట్టే ఆ మూత మీద టేపు ముక్కలు అంటించి, మధ్య చట్రం గీతలకు మాత్రమే రంగు తగిలేలా చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. టేపు పీకినప్పుడు గీత తిన్నగా వస్తే ఎలా ఉంటుందో నేను డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. బళ్లో హాజరు పలకడానికే నాకు రెండో పిలుపు కావాలి.

శనివారం పట్నంలో డివిజన్ స్థాయి నమూనాల పోటీ ఉంది. మా ఊరికి ఐదు కిలోమీటర్లు. గెలిచిన ముగ్గురిని నెల రోజులు శిక్షణకు పంపుతారు. అక్కడ పెన్ను లాంటి ఒక పరికరంతో, గాలి ఒత్తిడి మీద, రంగును పొగలా చల్లడం నేర్పుతారు. దాని బొమ్మను మాత్రమే నేను చూశాను. పోటీ కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది: ‘విద్యార్థులు ప్రసంగించనవసరం లేదు.’ అది చదివాకే నేను పేరు ఇచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ‘ఎగిరే వస్తువుల సమగ్ర నమోదు వారోత్సవాలు’ వచ్చాయి. నమోదు కాని ఎగిరే వస్తువు ఏదీ నిరభ్యంతర పత్రం లేకుండా గ్రామ పొలిమేర దాటరాదని సర్క్యులరు. ప్రతి గ్రామం నుంచి వివరాలు రావాలనీ, శూన్య నివేదికలు స్వీకరించబడవనీ దాని కిందే ఇంకో సర్క్యులరు. లోకనాథం గారు నాలుగు రోజులు మా ఊరంతా తిరిగారు. ఆయనకు దొరికింది కొబ్బరిచెట్టుకు చిక్కుకున్న ఒక గాలిపటం. దానికి యజమాని దొరకలేదు. చివరికి మా హెడ్మాస్టరు త్రినాథరావు గారు ఆయనతో, “మా తొమ్మిదో తరగతిలో జయంతి అని ఒక పిల్ల ఉంది, దాని దగ్గర విమానం ఉంది,” అన్నారట. ఇద్దరి అవసరమూ తీరుతుందని ఆయన అనుకున్నారు. మంచి మనసుతోనే అన్నారు.

లోకనాథం గారు ఫారం నా ముందు పెట్టారు. యజమాని పేరు, తయారైన పదార్థము, రంగు, పొడవు, వెడల్పు అన్నీ నింపాను. చివరి గడి ‘స్కేలు’. కిట్ పెట్టె మీద ఉన్నదే అందులో రాశాను: 1:72. గడి ఖాళీగా వదిలితే మార్కులు పోతాయని బళ్లో నేర్పారు.

సర్వేయరు గారు ఆ గడి చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

“ఒకటికి డెబ్బై రెండా?”

నేను తల ఊపాను.

ఆయన ఫారం వెనక లెక్క వేశారు. “పదిహేను సెంటీమీటర్లు ఇంటూ డెబ్బై రెండు. పది మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. అంటే ముప్పై అయిదు అడుగుల అయిదు అంగుళాలు. లోకనాథం గారూ, రాసుకోండి.”

నాన్నకు అర్థం కాలేదు. “బాబూ, బల్ల మీద ఉన్నదాన్ని పట్టుకుని ముప్పై అయిదు అడుగులంటారేటి? ఒక్కపాలి సూడండి బాబూ.”

“నేను చూడను. కొలుస్తాను,” అన్నారు సర్వేయరు గారు. “నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. గ్రామ నక్షాలో మీ కొబ్బరితోట ఎంత ఉంటుంది? అగ్గిపుల్లంత. అగ్గిపుల్లంత తోటలోనా నువ్వు ఇన్నాళ్లూ కాయలు దింపుతున్నావు? స్కేలు అంటూ ఒకటి రాసి ఉన్నాక, కంటికి కనిపించేది లెక్కలోకి రాదు.”

నాన్న ఆలోచనలో పడ్డాడు. నక్షాలో మా తోట నిజంగానే అగ్గిపుల్లంత ఉంటుంది.

“ఓలమ్మో, మరంత పెద్దది మా గుమ్మంలోంచి లోపలికెలాగొచ్చిందండి?” అని అమ్మ అడిగింది.

“సదరు విమానము ఏ మార్గమున గృహప్రవేశము చేసినదీ విచారణలో తేలును,” అని ఆయన పైకి చదువుతూ రాసుకున్నారు.

తర్వాత గొలుసు పరిచి ఇల్లు కొలిచారు. ఇల్లు ఇరవై నాలుగు అడుగులు. విమానం మధ్యలో నిలబడి ఉందనుకుంటే రెక్కలు చెరో వైపు గోడ దాటి అయిదు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు బయటికి రావాలి. అటు పంచాయతీ వీధి. ఇటు నర్సమ్మప్ప పెరడు, ఆమె గేదెల శాల.

“నాననుకుంటూనే ఉన్నాను!” అని నర్సమ్మప్ప నడుం మీద చేతులు పెట్టుకుంది. “మూడు దినాలై మా గేదె పాలు సేపట్లేదు. ఏటా అనుకున్నాను. నెత్తిమీద రెక్క పెట్టీసి కూకున్నారా?”

“అప్పా, ఏ రెక్క? ఎక్కడుంది? సూపించు,” అంది అమ్మ.

“నీకు కనపడకపోతే గేదెకి కనపడదేటే? అది మూగజీవం. కాయితాలు సదవలేదు గానీ దానికన్నీ తెలుసు.” అంతలోనే ఆమె గొంతు తగ్గించి సర్వేయరు గారిని అడిగింది: “బాబూ, రెక్క మా పెరట్లోకొచ్చింది కదా. దాని మీద నాను వడియాలు ఆరబెట్టుకోవచ్చా?”

“అభ్యంతరం ఉంటే వ్రాతపూర్వకంగా ఇవ్వండి. అభ్యంతరం లేకుండా పన్నెండేళ్లు ఆరబెడితే అప్పుడు అనుభవ హక్కు మాట చూద్దాం.”

నర్సమ్మప్ప తృప్తిగా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గోడ అవతల ఆమె వడియాల పిండి రుబ్బుతున్న చప్పుడు మాకు వినిపించింది.

సర్వేయరు గారు విమానం తయారీకి వాడిన పరికరాలు కూడా నమోదు చేయాలన్నారు. కట్టరు, చాకు, గరుకు కాగితం, పళ్లు కుట్టుకునే పుల్లలు, క్లిప్పులు బల్ల మీద పెట్టాను. లోకనాథం గారు కట్టరును కూడా డెబ్బై రెండుతో హెచ్చవేయబోయారు. సర్వేయరు గారికి కోపం వచ్చింది. “అజ్ఞానం! పరికరానికి స్కేలు వర్తించదు. గొలుసుతో పొలం కొలిస్తే గొలుసు కూడా నక్షాలోకి ఎక్కుతుందా?” ఆ మనిషికి తెలివి లేదని ఎవరూ అనలేరు. అదే మాకు ఇబ్బంది అయింది.

“మరి రంగుకో?” అన్నారు లోకనాథం గారు.

సర్వేయరు గారు ఈసారి చాలాసేపు ఆలోచించారు. రంగు విమానం మీద ఉంది. కనుక అది పరికరం కాదు, విమానంలో భాగం. కాబట్టి వర్తిస్తుంది. ఎన్నిసార్లు వర్తిస్తుందన్నది పై అధికారుల నిర్ణయానికి వదిలారు.

మర్నాడు పంచాయతీ నోటీసు మా తలుపుకు అంటించారు. ‘మీ విమానపు కుడి రెక్క గ్రామ వీధిని అయిదడుగుల ఎనిమిదిన్నర అంగుళముల మేర ఆక్రమించి ప్రజల రాకపోకలకు ఆటంకము కలిగించుచున్నందున, ఏడు దినములలోగా రెక్కను ముడుచుకొనవలెను.’ ఆ రోజంతా వీధిలో మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు అలవాటు లేని మర్యాదతో తలలు వంచుకుని వెళ్లారు.

గురువారం నాన్నా నేనూ తాసీల్దారు కార్యాలయానికి వెళ్లాం. లెక్కలు చెప్పడానికి నిపుణుడిగా హెడ్మాస్టరు గారిని పిలిపించారు. విమానాన్ని ఖాజాల పెట్టెలో దూది పరిచి తీసుకెళ్లాను.

“మేడమ్, అది బొమ్మండి,” అన్నాడు నాన్న. “ఇదిగో, ఒక్కపాలి పట్టుకు సూడండి. ఈకలా ఉంటాది.”

తాసీల్దారు మేడమ్ చేతులు వెనక్కి తీసుకున్నారు. “పట్టుకుంటే నేను ప్రభావితమవుతాను. అధికారి స్థానంలో ఉన్న వ్యక్తి వస్తువును వస్తువు ద్వారా కాక, దస్త్రం ద్వారా పరిశీలించాలి. మాస్టారూ, రంగు సంగతి?”

హెడ్మాస్టరు గారు లేచి నిలబడ్డారు. ఆయన మాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్తారు. సుద్దముక్క విరిగినా కోప్పడని మనిషి. “రంగు ఉపరితలానికి సంబంధించినది మేడమ్. కనుక డెబ్బై రెండును రెండుసార్లు తీసుకోవాలి. అమ్మాయి పది మిల్లీలీటర్లు వాడింది. అయిదు వేల నూట ఎనభై నాలుగుతో హెచ్చిస్తే యాభై ఒక్క లీటర్ల ఎనిమిది వందల నలభై మిల్లీలీటర్లు.”

“మండే స్వభావం గల ద్రవం. నివాస గృహంలో. అనుమతి లేకుండా,” అని మేడమ్ ఒక్కో మాటకు ఒక్కో గీత గీశారు. “బరువు?”

“బరువు ఘనపరిమాణాన్ని బట్టి, మూడుసార్లు మేడమ్. కిరాణా కొట్టు త్రాసులో ముప్పై ఎనిమిది గ్రాములు తూగింది. కనుక పధ్నాలుగు టన్నుల నూట ఎనభై మూడు కిలోలు.”

గదిలో అందరూ ఖాజాల పెట్టెను పట్టుకున్న నా చేతుల వైపు చూశారు. నాకు చేతులు నొప్పి పుట్టాయి.

“ఇంత బరువును మోసిన ఆ బల్ల ఏ కలపతో చేసింది?” అని మేడమ్ అడిగారు.

“మామిడి సెక్కండి,” అన్నాడు నాన్న.

“మామిడి చెక్క పధ్నాలుగు టన్నులు మోయదు. నిజం చెప్పండి. అడవి నుంచి తెచ్చిన టేకు కాదు కదా?”

నాన్న ప్రమాణం చేయబోతే హెడ్మాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. మేడమ్ బల్ల విషయాన్ని అటవీ శాఖకు రాయమని చెప్పి, గుమస్తాను బయటికి పంపి, గొంతు మెత్తగా చేసుకున్నారు.

“చూడమ్మా జయంతీ, నీ మీద మాకు కోపం లేదు. పక్క మండలాలవాళ్లు గాలిపటాలు పంపారు. ఒకరు పెళ్లి వీడియోలు తీసే డ్రోన్లు పంపారు. విమానం పంపింది మనం ఒక్కరమే. నిన్న పై నుంచి అభినందనలు వచ్చాయి. విమానం గల మండలం అన్నారు. ఇప్పుడు దాన్ని బొమ్మ అనడం పద్ధతి కాదు.”

నేను నోరు తెరిచాను. ‘మేడమ్, నమూనా’ అనాలనుకున్నాను. ‘మే’ వరకు వచ్చింది. ఆమె మంచినీళ్లు ఇప్పించారు.

బయట వరండాలో హెడ్మాస్టరు గారు నా వైపు చూడకుండా అన్నారు: “శనివారం నువ్వు పోటీకి వెళ్లాలా వద్దా? వెళ్లాలంటే నిరభ్యంతర పత్రం ఉండాలి. బొమ్మకు నిరభ్యంతర పత్రం ఇచ్చే ఫారం వాళ్ల దగ్గర లేదమ్మా. విమానానికే ఉంది. అందుకే లెక్క సరిగ్గా చేశాను.”

“సరే సార్,” అన్నాను. ఆయన ఎప్పుడూ లెక్క సరిగ్గానే చేస్తారు.

శుక్రవారం పత్రం వచ్చింది. తాసీల్దారు, సర్వేయరు, వీఆర్వో ముగ్గురూ సంతకాలు చేశారు. షరతులు ఏడు. విమానము కాలినడక వేగమునకు మించరాదు. ముందు ఎర్రగుడ్డతో బాధ్యత గల ఉద్యోగి నడవవలెను. ఇరుప్రక్కల పద్దెనిమిదేసి అడుగుల లోపల జనము గాని, పశువులు గాని ఉండరాదు. రెక్కలు తగులు అవకాశమున్నందున మార్గమధ్యమున విద్యుత్ సరఫరా నిలిపివేయవలెను. మిగతావి చక్రాల గురించి. గుండీలని నేను ఎవరికీ చెప్పలేదు.

శనివారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. ముందు లోకనాథం గారు ఎర్రగుడ్డ కర్రకు కట్టి పట్టుకున్నారు. వెనక పద్దెనిమిది అడుగుల దూరంలో నాన్న. మధ్యలో నేను, నా చేతుల్లో ఖాజాల పెట్టె. దారిలోని మూడు ఊళ్లకూ కరెంటు ఆపేశారు. పిండిమర దగ్గర వాళ్లు గిన్నెలు పట్టుకుని, పొలం గట్ల దాకా జరిగి నిలబడ్డారు. ఒకామె తన పిల్లాడి చెవులు మూసింది.

మలుపు దగ్గర బస్సు ఎదురైంది. డ్రైవరు తల బయట పెట్టాడు.

“ఏటి బాబూ, ఆ గుంట సేతిలో ఏటున్నాది?”

“విమానం,” అన్నారు లోకనాథం గారు.

“నానెరగనేటి? ఖాజాల పెట్టది!”

లోకనాథం గారు పత్రం చూపించారు. డ్రైవరు ముగ్గురి సంతకాలూ చూశాడు. ముప్పై అయిదు అడుగుల అయిదు అంగుళాలు అన్న చోట వేలు పెట్టి రెండోసారి చదివాడు. బస్సును కిలోమీటరున్నర వెనక్కి నడిపించి, చెరుకుతోట దగ్గర పక్కకు పెట్టాడు. మేం దాటుతుంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లంతా తలలు లోపలికి తీసుకున్నారు.

ఒక మాట దాచకుండా రాయాలి. నాకు ఆ నడక నచ్చింది. రోడ్డు మధ్యలో నడుస్తుంటే ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ పేరు అడగలేదు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అటు పద్దెనిమిది అడుగులు, ఇటు పద్దెనిమిది అడుగులు నాదే.

అయిదు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. పోటీ జరిగే హాలు దగ్గర లోకనాథం గారు తన హద్దు అయిపోయిందని ఎర్రగుడ్డ మడిచేశారు. నాన్నను గేటు దగ్గరే ఆపేశారు. పిల్లలు మాత్రమే లోపలికి వెళ్లాలట. నేను ఒక్కదాన్నే మెట్లెక్కాను.

తలుపు దగ్గర నిర్వాహకుడు ఒకాయన జాబితాతో నిలబడి ఉన్నారు. సన్నగా, వేళ్లకు రంగు మరకలతో ఉన్నారు. ఆ మరకలు చూడగానే నాకు ధైర్యం వచ్చింది. పెట్టె మూత తీశాను.

ఆయన వంగారు. చాలాసేపు లేవలేదు.

“ఈ మూత మీది గీతలు టేపు వేసి తీశావా?”

“అవును సార్.”

“ఎన్ని పొరలు?”

“మూడు సార్. పొరకి ఒక రోజు.”

“చక్రాలు…” అని ఆయన కళ్లు ఇంకా దగ్గరికి తెచ్చి నవ్వారు. “గుండీలా! రంధ్రాలు పూడ్చి, అంచు అరగదీశావు. ఎవరు నేర్పారమ్మా నీకు?”

“ఎవరూ నేర్పలేదు సార్.”

ఆయన వెనక హాలులో కనిపించిన బల్లల్లో మూడోది ఖాళీగా ఉంది. కిటికీ వెలుతురు దాని మీదే పడుతోంది. ఆయన కూడా దాని వైపే చూశారు. “అక్కడ పెడదాం. పత్రం ఏదైనా ఉందా?”

ఇచ్చాను. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీ తిప్పేసరికి నవ్వు పోయింది. రెండో పేజీ చదివాక, నాకు కాక గాలికి చెప్పినట్టు అన్నారు:

“ముప్పై అయిదు అడుగులు. పధ్నాలుగు టన్నులు. ఇందులో విమానము అని ఉంది. నమూనా అని ఎక్కడా లేదు.”

“నమూనానే సార్.”

“ముగ్గురు అధికారులు సంతకం చేశారమ్మా. నేను లెక్చరర్ని. ఇది నమూనాల పోటీ. అసలు విమానం తెచ్చి పెడితే మిగతా పిల్లలకు అన్యాయం కాదూ? వాళ్లంతా అట్టముక్కలతో చేసుకొచ్చారు.”

అప్పుడు మాట్లాడాను. పుట్టి బుద్ధెరిగాక బయటి మనిషితో అంత పొడుగు మాట నేను అనలేదు. “సార్, మీరు గీతలు చూశారు కదా సార్. టేపుతో తీశానని మీరే కనిపెట్టారు. ఇది పదిహేను సెంటీమీటర్లే సార్. మీ జేబులో స్కేలు ఉంది. ఆ స్కేలు పెట్టి మీరే కొలవండి సార్.”

ఆయన జేబులోని ప్లాస్టిక్ స్కేలు తీశారు. పెట్టె దాకా చెయ్యి వచ్చింది. అక్కడ ఆగింది. కాగితాన్ని ఇంకోసారి చూశారు.

“స్కేలు ప్రకారమే కొలిచామని ఇక్కడ స్పష్టంగా రాశారమ్మా,” అని ప్లాస్టిక్ స్కేలును మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఆయన మొహంలో బాధ ఉంది. అబద్ధం చెప్పను, నిజంగానే ఉంది. పెట్టె మూతను రెండు చేతులతో, దూది నలగకుండా, ఆయనే పెట్టారు. పత్రం నాలుగు మడతలు పెట్టి మూత మీద ఉంచారు. తర్వాత తలుపు రెక్క మీద చెయ్యి వేశారు.

“కాస్త వెనక్కి జరుగు తల్లీ. తలుపుకు తగిలితే నీ విమానం రెక్క విరిగిపోతుంది.”

ఒక మెట్టు దిగాను. ఇంకా అని చెయ్యి ఊపారు. మెట్లన్నీ దిగి, వాకిట్లో ఆయన చాలన్న చోట ఆగాను. అప్పుడాయన తలుపు మూసేశారు.